తెర మీద బాపూ, తెర వెనక బా

చనిపోయిన మనిషి చేత మనం మాట్లాడించవచ్చా? కథలు, నాటకాలు రాసేవాళ్ళకి ఇది పాత ప్రశ్నే. ఇప్పుడది ఎనిమిదో తరగతి సోషల్ పీరియడ్‌లోకి వచ్చి కూర్చుంది. గోడకి బిగించిన పెద్ద తెర మీద గాంధీ బొమ్మ కళ్ళు ఆర్పుతుంది, పెదవులు కదుపుతుంది, 'నేను' అంటూ పిల్లలతో తెలుగులో మాట్లాడుతుంది. పిల్లలు ప్రశ్నలు వేస్తారు, ఆ బొమ్మ జవాబులు చెబుతుంది. ఆ 'నేను' ఎవరిది అన్నదే ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకుంటున్న విషయం. సాంకేతికత మంచిదా చెడ్డదా అనే చర్చ మీద నాకు ఆసక్తి లేదు. సుద్దముక్కా సాంకేతికతే, అచ్చు పుస్తకమూ సాంకేతికతే. ఆడవాళ్ళకి అక్షరం అందకుండా చేసిన సమాజంలో పుట్టిన నేను, కొత్త పరికరాన్ని చూడగానే ముఖం తిప్పుకునే స్థితిలో లేను.

పాత పద్ధతి గొప్పదని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. మా తరానికి గాంధీని పరిచయం చేసింది హెడ్మాస్టరు గది గోడ మీది పటం. బోసినవ్వు, కళ్ళజోడు, చేతికర్ర. అక్టోబరు 2న దండ వేసేవాళ్ళం, బిళ్ళలు పంచేవాళ్ళు, ఇంటికి పోయేవాళ్ళం. ఆ పటాన్ని ఎవరం ఏమీ అడగలేదు. అడగవచ్చని కూడా తెలియదు. తర్వాతి తరానికి గాంధీ అంటే 1982లో అటెన్‌బరో తీసిన సినిమా. ఆ సినిమా ముక్కలు చూసి పెరిగిన పిల్లల్లో చాలామందికి గాంధీ ముఖం బెన్ కింగ్స్‌లీ ముఖమే. ఢిల్లీలో గాంధీ హత్యకు గురైన ఇంట్లో 2005లో మల్టీమీడియా మ్యూజియం వచ్చింది. 2015లో గాంధీనగర్‌లో ఉప్పుకుప్ప ఆకారంలో 'దండి కుటీర్' కట్టారు. 2017లో 'దీక్ష' మొదలయ్యాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 బడ్జెట్ ప్రసంగంలో 'గాంధీపీడియా' గురించి ప్రకటించారు. కరోనా కాలంలో, 2020లో, పిల్లలు టీవీ పాఠాలే విన్నారు. ఆ తర్వాత మన ప్రభుత్వ పాఠశాలల్లో కూడా ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు కనిపించడం మొదలైంది. ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని పిల్ల, సబర్మతి నుంచి దండి దాకా దారిని తెర మీద వేలితో జరిపి చూడగలగడం చిన్న విషయం కాదు. దీన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

అయితే పటం నుంచి మ్యాప్ దాకా ఉన్నవన్నీ గాంధీ గురించి చెప్పేవి. గాంధీగా మాట్లాడే యంత్రం వీటన్నిటి కన్నా వేరు. 'ఆయన' అనే మాటకీ 'నేను' అనే మాటకీ మధ్య ఉన్న దూరాన్ని అది ఒక్క అడుగులో దాటేసింది.

నేను బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెబుతాను. టీచింగ్ ప్రాక్టీస్ సమయంలో మా అమ్మాయిల క్లాసులు చూడడానికి బడులకు వెళ్తుంటాను. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో మా విద్యార్థిని ఒకామె ఉప్పు సత్యాగ్రహం పాఠం చెప్పింది. బాగా తయారై వచ్చింది. చివరి పది నిమిషాలు అలాంటి ఒక యాప్ పెట్టి, గాంధీని అడగండి అంది. పిల్లలు ఎగబడ్డారు. మీరు రోజూ ఏం తింటారు, మీకు కోపం వస్తుందా, ఇంగ్లీషు వాళ్ళంటే భయం వేయలేదా? వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, 'మీరు మీ భార్యని ఇంట్లోంచి బయటికి గెంటారంట కదా, ఎందుకు?' అని అడిగింది. ఎక్కడ చదివిందో, ఎవరు చెప్పారో. క్లాసంతా నిశ్శబ్దం. తెర మీద బొమ్మ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆ రోజు నేను చాలా తప్పు చేశాను, బా నన్ను పెద్ద మనసుతో క్షమించింది, స్త్రీలను గౌరవించాలని నేను ఆమె నుంచే నేర్చుకున్నాను అని. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రశ్న అడిగిన అమ్మాయి కూర్చుంది. పీరియడ్ అయిపోయింది.

ఆ జవాబులో అబద్ధం ఎక్కడుందని ఎవరైనా అడగవచ్చు. సంఘటన నిజమే. 1898లో, డర్బన్‌లోని ఇంట్లో జరిగింది. గాంధీ ఆత్మకథలోనే ఉంది. ఆయన దగ్గర పనిచేసే ఒక గుమాస్తా, పంచమ కుటుంబంలో పుట్టిన క్రైస్తవుడు, వాళ్ళింట్లో ఉండేవాడు. అతని గదిలోని మూత్రపు కుండని కస్తూర్బా తీసి పారబోయాలి. ఆమె ఏడుస్తూ ఆ పని చేసింది. ఏడుస్తూ చేస్తే చాలదు, సంతోషంగా చేయాలని గాంధీ పట్టుబట్టాడు. మాటా మాటా పెరిగింది. ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు. ఈ పరాయి దేశంలో నేనెక్కడికి పోను, నీకు సిగ్గు లేదా అనే అర్థం వచ్చేట్టు ఆమె నిలదీసింది. ఆయన సిగ్గుపడి గేటు మూశాడు. పాతికేళ్ళు దాటాక ఆ ఘటనని తన పత్రిక నవజీవన్‌లో, 1925 నుంచి 1929 దాకా వారం వారం వచ్చిన ఆత్మకథలో, అందరూ చదివేట్టు తానే రాశాడు.

ఇక్కడ రెండు విషయాలు పిల్లల ముందు పెట్టాల్సింది. మొదటిది, ఆ రోజు ఒకే మనిషి ఒకే పనిలో సరిగ్గానూ ఉన్నాడు, తప్పుగానూ ఉన్నాడు. పంచముడి కుండ ముట్టుకోవడానికి అభ్యంతరం ఉండకూడదన్న పట్టుదల సరైనది. దానికోసం భార్య చెయ్యి పట్టి ఈడ్చడం, ఆమె కన్నీళ్ళ మీద కూడా అధికారం తనదే అనుకోవడం తప్పు. కస్తూర్బా కన్నీళ్ళలో భర్త పెత్తనం మీద కోపం ఎంత, కులం నేర్పిన అసహ్యం ఎంత? దళిత కుటుంబం నుంచి వచ్చిన పిల్ల ఆ కథని ఒక చోట నిలబడి వింటుంది. తాగొచ్చిన తండ్రి తల్లిని వీధిలోకి నెట్టడం చూసిన పిల్ల ఇంకోచోట నిలబడి వింటుంది. ఆ రెండు చోట్లా నిలబడిన పిల్ల ఒకతే కూడా కావచ్చు. పాఠం అంటే ఆ పిల్ల మాట్లాడడం. కుల నిర్మూలన పేరుతో ఇంట్లో ఆడదాని మీద జులుం చేయవచ్చా? ఆడదాని బాధ పేరు చెప్పి కులాన్ని దాటవేయవచ్చా? మన ఉద్యమాలు ఇన్ని దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న ఇది. ఆ తెర దానికి మూడు వాక్యాల్లో తీర్పు చెప్పి క్లాసుని ఇంటికి పంపింది.

రెండో విషయం పశ్చాత్తాపం. తన తప్పుని తానే అచ్చులో పెట్టుకోవడానికి గాంధీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. మహాత్ముడని పిలుస్తున్న జనం ముందు తాను భార్యని ఈడ్చిన సంగతి చెప్పుకోవడానికి ఆయన సిద్ధపడ్డాడు. ఆ రాతని మనం ఒప్పుకోవచ్చు, విమర్శించవచ్చు. ఆ ఒప్పుకోలులో కూడా తనను తాను పెద్దవాణ్ణి చేసుకునే ధోరణి ఉందని చదవవచ్చు. ఏం చేసినా అక్కడ రాసిన మనిషి ఉన్నాడు, ఆ రాతకి ఆయన బాధ్యుడు. యంత్రానికి పోగొట్టుకునేది ఏముంది? అది ఎవరి తరఫునైనా క్షమాపణ చెప్పగలదు. 2023లో ఇలా చారిత్రక వ్యక్తులతో మాట్లాడించే యాప్ ఒకటి విదేశాల్లో వచ్చినప్పుడు, అందులోని నాజీ నాయకుల పాత్రలు కూడా తమ నేరాలకు విచారం వ్యక్తం చేశాయని విమర్శలొచ్చాయి. ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా దొరికే పశ్చాత్తాపం పిల్లలకి ఏం నేర్పుతుంది? తప్పు చేయడం, సారీ చెప్పడం, చప్పట్లు కొట్టించుకోవడం, అంతే అని. మన ఇళ్ళల్లో మగవాళ్ళ నుంచి మనం ఎన్నోసార్లు విన్న సారీ కూడా అదే కదా.

పైగా, 'బా నన్ను క్షమించింది' అన్న వాక్యం ఎక్కడిది? ఆ రోజు గురించి కస్తూర్బా తన చేత్తో ఏదీ రాసి వెళ్ళలేదు. గేటు దగ్గర ఆమె అన్న మాటలు సైతం మనకు గాంధీ రాసిన పేజీల్లోనే మిగిలాయి. ఆయన రాతలు, ప్రసంగాలు, ఉత్తరాలు కలిపి వంద సంపుటాలు. గొంతు కావాలంటే 1931లో లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ చేసిన రికార్డు ఉంది, చివరి నెలల్లో ఆకాశవాణి రికార్డు చేసిన ప్రార్థనా సభల ప్రసంగాలున్నాయి. యంత్రానికి మేత ఎంతైనా ఉంది. కస్తూర్బా వైపు? కొద్దిపాటి ఉత్తరాలు, ఇతరులు రాసుకున్న జ్ఞాపకాలు. 1933 నాటి ఆమె డైరీ ఒకటి దొరికిందని 2022లో తుషార్ గాంధీ పుస్తకంగా తెచ్చాడు. ఆమె చదువు ఎందుకు అంతంత మాత్రంగా మిగిలిందో కూడా గాంధీయే రాశాడు. పెళ్ళైన కొత్తలో ఆమెకి చదువు చెప్పాలనుకున్నాననీ, తన కామమే అందుకు అడ్డొచ్చిందనీ, తర్వాత ప్రజాజీవితంలో పడి తీరిక చిక్కలేదనీ. అంటే భర్త నేర్పని అక్షరాల వల్ల భార్య మాట నమోదు కాలేదు. ఇవాళ ఆ భర్త నమోదులతో పెరిగిన యంత్రం ఆ భార్య తరఫున క్షమాపణ కూడా మంజూరు చేసింది. దీన్ని సాంకేతిక లోపం అని సరిపెట్టుకోలేం. అచ్చులో ఎవరి మాట ఎక్కువుంటే వాళ్ళ మాటే యంత్రం నోట ఎక్కువ వస్తుంది. గొంతు ఉన్నవాళ్ళకే అది మళ్ళీ గొంతునిస్తుంది.

ఆ పాఠంలోని మిగతా భాగాన్ని కూడా చూడండి. తెర మీద 1930 మార్చి 12న సబర్మతి నుంచి చుక్కలు బయల్దేరాయి. గాంధీ వెంట 78 మంది, 240 మైళ్ళు, 24 రోజులు, ఏప్రిల్ 6న గుప్పెడు ఉప్పు. చివర క్విజ్. ఎంతమంది, ఎన్ని మైళ్ళు, ఏ తేదీ? పిల్లలు తెర నొక్కి మార్కులు తెచ్చుకున్నారు. ఆ 78 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదన్న సంగతి ఏ ప్రశ్నలోనూ రాలేదు. అప్పట్లో ఆడవాళ్ళు దాన్ని ప్రశ్నించారు. మార్గరెట్ కజిన్స్ నిరసన తెలిపింది. కమలాదేవి చటోపాధ్యాయ వెళ్ళి గాంధీతోనే వాదించింది. స్త్రీలకి విదేశీ బట్టల, కల్లు దుకాణాల దగ్గర పికెటింగ్ అప్పజెప్పాలని ఆయన ఆలోచన. ఆడవాళ్ళు ఆ హద్దులో ఆగలేదు. సముద్రం ఒడ్డుకి వచ్చారు, ఉప్పు వండారు, అమ్మారు, జైలుకి పోయారు. మే నెలలో, గాంధీ అరెస్టయ్యాక, ధారాసన ఉప్పు కొఠారుల మీద సత్యాగ్రహానికి సరోజినీ నాయుడు నాయకత్వం వహించింది. 'ఉప్పు సత్యాగ్రహంలో స్త్రీలు ఉన్నారా?' అనే ప్రశ్నకి లేరు అన్నదీ నిజమే, ఉన్నారు అన్నదీ నిజమే. ఒకటి నాయకుడు గీసిన గీత, రెండోది ఆడవాళ్ళు దాన్ని దాటిన తీరు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే పద్ధతిలో ఆ దాటడం ఎక్కడ పడుతుంది?

భాష సంగతి కూడా గమనించాను. తెర మీది అక్షరాల్లో 'గాంధీజీ యాత్ర ప్రారంభించారు', 'కస్తూర్బా ఆయనకు సేవ చేసింది'. మన తెలుగులో ఆయనకి 'ఆరు', ఆమెకి 'ఇంది'. ఇది యంత్రం కనిపెట్టింది కాదు, మనమే దానికి నేర్పాం. మన పాఠ్యపుస్తకాలు, వార్తలు, ఉపన్యాసాలు నేర్పాయి.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ బొమ్మ గాంధీ చక్కని తెలుగు మాట్లాడాడు. నిజం గాంధీ తెలుగు నేల మీద తిరిగినప్పుడు ఆయన మాటలు ఎవరో ఒకరి నోటి ద్వారానే తెలుగయ్యాయి. 1921లో ఆయన కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీ స్త్రీలతో, బురఖా ముస్లిం స్త్రీలతో ఆయన ప్రత్యేకంగా మాట్లాడాలని పన్నెండేళ్ళ ఒక అమ్మాయి పంతం పట్టింది. ఐదు వేల రూపాయలు పోగుచేసి ఇస్తే వీలు చూస్తామన్నారు నిర్వాహకులు. ఆ డబ్బు పోగైంది, సభ జరిగింది, ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగు చేసింది కూడా ఆ అమ్మాయే. ఆమె దుర్గాబాయి. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లలకి హిందీ బడి పెట్టిన పిల్ల. తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయింది, ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆ రోజు కాకినాడలో దేవదాసీలు విన్నది గాంధీ ఆలోచనని, దుర్గాబాయి గొంతులో. మన తెర మీద ఆ అమ్మాయి లేదు. మహానాయకుడు నేరుగా తెలుగులో మాట్లాడేస్తుంటే మధ్యలో ఆమెతో పనేముంది? ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి తమ ఈడు పిల్ల ఒకతె చరిత్రలో నిలబడిన చోటు అది. ఆ చోటే చెరిగిపోయింది.

ఈ మాటలు చెప్పినప్పుడు ఒక స్నేహితురాలు నన్ను గట్టిగానే అడిగింది. 'మనం చేసిందేమిటి? సీత చేత, శూర్పణఖ చేత, అహల్య చేత మనం మాట్లాడించలేదా? ఓల్గా విముక్తకి అకాడమీ అవార్డు వస్తే పండగ చేసుకోలేదా? రచయిత్రి చేస్తే సృజన, యంత్రం చేస్తే నేరమా?' ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. రోజుల తరబడి నాతో ఉంది. నాకు దొరికిన సమాధానం ఇది. విముక్తలో సీత మాట్లాడుతుంటే పక్కన ఓల్గా పేరుంది. ఆ సీతతో పేచీ ఉంటే మనం ఓల్గాతో పేచీ పెట్టుకోవచ్చు. ఆమె జవాబు చెబుతుంది, లేదా చెప్పనంటుంది. అక్టోబరు 2న బోడిగుండు టోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని వేదిక ఎక్కే పిల్లాడు కూడా అంతే. వాడు పక్కింటి లక్ష్మిగారబ్బాయని చూసే అందరికీ తెలుసు, మాట మరిచిపోతే టీచరు పక్కనుంచి అందిస్తుందనీ తెలుసు. వేషం వేషంగా కనిపిస్తూనే ఉంటుంది. తెర మీది 'నేను' వెనక ఎవరున్నారు? ప్రోగ్రాం రాసినవాళ్ళా, అమ్మిన కంపెనీయా, కొన్న ప్రభుత్వమా, వంద సంపుటాలా? పిల్లకి పేచీ వస్తే ఎవరితో పెట్టుకోవాలి? సంతకం లేని 'నేను' అది. దానికి తోడు సీత పురాణ పాత్ర. కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న పూనాలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో, ఖైదీగా ఉండగా చనిపోయిన మనిషి. ఆమె మౌనానికి కారణాలున్నాయి, తేదీలున్నాయి.

'అయితే కస్తూర్బా చేత కూడా మాట్లాడిద్దాం, ఆమె కోపం ఆమెనే చెప్పనిద్దాం' అని మా కాలేజీలో ఒక యువ సహోద్యోగి సూచించింది. ఆ కోరిక నాకు బాగా తెలుసు. స్త్రీల చరిత్ర తవ్వే మనందరికీ ఉండే కోరికే అది. ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. అయినా ఒప్పుకోలేకపోయాను. మనం నింపేది మన కోపంతోనే. 2020ల నాటి స్త్రీవాద పదజాలంతో ధారాళంగా మాట్లాడే కస్తూర్బా మనకు హాయిగా ఉంటుంది. అప్పుడు ఆమెకి చదువు చెప్పకపోవడం వల్ల జరిగిన నష్టం కనిపించకుండా పోతుంది. అక్షరం ఇవ్వని చోట ఏం పోయిందో పిల్లలకి తెలియాలంటే ఆ ఖాళీని ఖాళీగానే చూపించాలి. 1913లో దక్షిణాఫ్రికాలో, క్రైస్తవేతర పెళ్ళిళ్ళు చెల్లవన్న తీర్పుకి నిరసనగా కస్తూర్బా జైలుకెళ్ళింది. ఆ పోరాటంలోనే జైలుకెళ్ళి, జబ్బుతో బయటికొచ్చి, 1914లో చనిపోయిన తమిళ అమ్మాయి వల్లియమ్మకి పదహారేళ్ళు. ఆ పిల్ల ఏమనుకుందో ఏ యంత్రం చెప్పగలదు? ఏం చెప్పినా కట్టుకథే అవుతుంది. ఆమె చేసిన పని మాత్రం ఉంది. మాట మిగలని స్త్రీలని వాళ్ళు చేసిన పని నుంచి చదవడం ఎలాగో పిల్లలకి నేర్పవచ్చు. అది కష్టమైన చదువు. మనం కూడా దాన్ని ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.

మరి తెరని ఏం చేయాలి? ఆపేయమని నేననను. ఆత్మకథలోని ఆ పేజీని పెద్దగా చూపించి, ఏ వాక్యం ఎవరిదో, ఎవరు ఎవరి మాటని రాస్తున్నారో పిల్లల చేత గుర్తులు పెట్టించవచ్చు. యాత్ర మ్యాప్ పక్కనే, స్త్రీలనుద్దేశించి గాంధీ ఆ ఏప్రిల్‌లో యంగ్ ఇండియాలో రాసిన వ్యాసాన్ని పెట్టవచ్చు. దాని పక్కన కమలాదేవి వాదననీ, ధారాసన ఫోటోలనీ పెట్టవచ్చు. వంద సంపుటాల్లో ఒక మాట వెతకడం యంత్రానికి క్షణం పని. 'బా' అన్న మాట ఏ సందర్భాల్లో వచ్చిందో వెతికించి, ఆమె ఎప్పుడు వంటింట్లో కనిపిస్తుందో, ఎప్పుడు జైల్లో కనిపిస్తుందో పిల్లల్నే జాబితా రాయమనవచ్చు. యంత్రం ఏ జవాబిచ్చినా 'ఇది నీకెలా తెలుసు?' అని అడగడం మొదటి రోజే నేర్పవచ్చు. ఒక్క 'నేను' మాత్రం వద్దు. గాంధీ గురించి ఎంతైనా చెప్పనివ్వండి, గాంధీగా చెప్పనివ్వకండి.

క్లాసు అయ్యాక మా విద్యార్థినితో చాలాసేపు మాట్లాడాను. ఆమె చెప్పింది కూడా న్యాయమే. నలభై నిమిషాల పీరియడ్, అరవై మంది పిల్లలు, సిలబస్ పూర్తి చేయాలి, అబ్జర్వేషన్‌లో 'సాంకేతికత వినియోగం' అన్న గడికి మార్కులున్నాయి. ఆ గడిని ఫారంలో పెట్టింది మా లాంటి వాళ్ళమే. 'పిల్లలకి సందేహం తీర్చిందా' అన్న గడి ఉంది. 'పిల్లల ప్రశ్నని నిలిపి ఉంచిందా' అన్న గడి మాత్రం ఏ ఫారంలోనూ చూడలేదు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న మనం ముందు అక్కడ పోట్లాడాలి.

మరుసటి పాఠానికి ఆమె యాప్ తెరవలేదు. బోర్డు మీద ఒక ప్రశ్న రాసింది. 'గేటు దగ్గర జరిగింది కస్తూర్బా రాసి ఉంటే మొదటి వాక్యం ఏమై ఉండేది? మనకది ఎందుకు తెలియదు?' మొదటి భాగానికి పిల్లలు గబగబా చేతులెత్తారు. రెండో భాగానికి చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఒక పిల్లవాడు, 'మా నాయనమ్మకీ రాయడం రాదు టీచర్' అన్నాడు.